జన్యుమార్పిడి పంటల్లో సెలెక్టబుల్ మార్కర్‌కు లైసెన్సు: కన్‌స్ట్రక్ట్ గీయకముందు నుంచి సంతకం దాకా

"మార్కర్ జన్యువుకు లైసెన్సు ఎవరిని అడగాలి?" విశ్వవిద్యాలయాల ల్యాబుల నుంచి, చిన్న విత్తన కంపెనీల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. కొత్త జన్యువు ఎక్కిన కణాలను ఎక్కనివాటి నుంచి వేరుచేయడానికి దాంతో పాటు పెట్టే జన్యువే సెలెక్టబుల్ మార్కర్. చాలామంది ఈ ప్రశ్నను ఈవెంట్ (కొత్త జన్యువు చేరిన మొక్క వంశం) తయారై, పొలంలో ఫలితం కనిపించాక అడుగుతారు. అప్పటికి మార్కర్ మొక్క జన్యువుల్లో కలిసిపోయి ఉంటుంది, మార్చలేం. కన్‌స్ట్రక్ట్ (మొక్కలోకి ఎక్కించే డీఎన్‌ఏ కూర్పు) ఇంకా కాగితం మీద ఉన్నప్పుడు తేల్చుకోవాల్సిన విషయం ఇది.

ఈ మార్గదర్శి భారతదేశంలో పనిచేసే ల్యాబులు, కంపెనీల కోసం. చట్టం, పన్నుల అంశాలు సంతకానికి ముందు మీ పేటెంట్ ఏజెంటుతో, ఆడిటర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

## 1. మీకు కావాల్సింది ఏ అనుమతో తేల్చండి

"లైసెన్సు" అని ఒకే మాటలో అనేస్తాం గానీ, దాని కింద మూడు వేర్వేరు అనుమతులు ఉంటాయి.

- పేటెంట్ హక్కు: ఆ జన్యువును, ఆ కాసెట్‌ను (జన్యువును, దాన్ని నడిపే భాగాలను కలిపిన కూర్పును), ఆ ఎంపిక పద్ధతిని వాడుకునే హక్కు.
- పదార్థం వాడుకునే హక్కు: మీ చేతికొచ్చిన ప్లాస్మిడ్ (జన్యువును మోసే గుండ్రని డీఎన్‌ఏ), అగ్రోబాక్టీరియం (జన్యువును మొక్కలోకి చేర్చే బ్యాక్టీరియా) స్ట్రెయిన్ ఏ షరతుల మీద వచ్చాయన్నది. దీన్ని ఎంటీఏ, అంటే పదార్థ బదిలీ ఒప్పందం, నిర్ణయిస్తుంది.
- భద్రతా డేటాను ఉటంకించే హక్కు: మార్కర్ ప్రొటీన్ మీద మరొకరు చేయించిన విషపరీక్షలు, అలర్జీ పరీక్షలను మీ దరఖాస్తులో చూపించుకునే అనుమతి.

పాత మార్కర్ల మూల పేటెంట్లు చాలావరకు గడువు తీరాయి. అందుకే మొదటి అనుమతి చాలా సందర్భాల్లో అక్కర్లేకపోవచ్చు. రెండోదీ మూడోదీ మాత్రం కాలం గడిచినంత మాత్రాన తీరిపోవు. పేటెంట్ పోయింది కదా అని ఎంటీఏను పక్కన పడేసిన ల్యాబులే ఎక్కువగా ఇరుక్కుంటాయి.

## 2. మార్కర్‌ను ఎంచుకోండి: జీవశాస్త్రం, లైసెన్సు రెండూ కలిపి

తరచూ వాడే నాలుగు మార్కర్లు ఇవి.

ఎన్‌పీటీ-2. ఈ.కోలై ట్రాన్స్‌పోసాన్ టీఎన్5 నుంచి వచ్చింది. కనామైసిన్, జీ418 యాంటీబయాటిక్‌లను తట్టుకునే శక్తినిస్తుంది. మన బీటీ పత్తి తొలి ఈవెంట్ మాన్ 531లో ఉన్నది ఇదే. దీని భద్రత మీద బహిరంగంగా దొరికే సమాచారం ఎక్కువ. అమెరికా ఎఫ్‌డీఏ 1994లోనే దీని ప్రొటీన్‌కు అనుమతి ఇచ్చింది. వరి వంటి ఏకదళబీజాలు కనామైసిన్‌ను కొంతవరకు సహజంగానే తట్టుకుంటాయి, అక్కడ జీ418 వాడాలి.

హెచ్‌పీటీ. హైగ్రోమైసిన్‌కు నిరోధకత. వరి కాలస్‌కు (ల్యాబులో పెంచే కణాల ముద్దకు) బాగా నప్పుతుంది. యాంటీబయాటిక్ మార్కర్ కాబట్టి ఎగుమతి దేశాల నుంచి ప్రశ్నలు వస్తాయి.

బార్, పాట్. స్ట్రెప్టోమైసిస్ జాతుల నుంచి వచ్చినవి. ఫాస్ఫినోత్రిసిన్‌ను, అంటే గ్లూఫోసినేట్ కలుపు మందును తట్టుకుంటాయి. ప్లాంట్ జెనెటిక్ సిస్టమ్స్ నుంచి చేతులు మారుతూ బేయర్‌కు చేరిన ఈ వ్యాపారం 2018లో బీఏఎస్ఎఫ్‌కు వెళ్లింది. ఎవరికి లేఖ రాయాలో వెతికేటప్పుడు ఇలాంటి చేతుల మార్పులను గమనించాలి. పాత పేపర్లలో రాసిన యజమాని పేరు ఇప్పుడు పనికిరాకపోవచ్చు.

పీఎంఐ. ఈ.కోలై నుంచి తీసుకున్న ఫాస్ఫోమానోస్ ఐసోమరేజ్. ఈ ఎంజైమ్ ఉన్న కణాలు మానోస్ చక్కెరను ఆహారంగా వాడుకుని పెరుగుతాయి, లేనివి ఆకలితో ఆగిపోతాయి. యాంటీబయాటిక్ లేదు, కలుపు మందు లేదు. సింజెంటా దీన్ని పాజిటెక్ పేరుతో లైసెన్సు ఇచ్చింది. రెండో తరం గోల్డెన్ రైస్‌లో హెచ్‌పీటీ బదులు దీన్నే పెట్టారు. సోయా వంటి కొన్ని పప్పుజాతుల్లో ఈ ఎంజైమ్ సహజంగానే ఉంటుంది కాబట్టి అక్కడ ముందే పరీక్షించాలి.

### కిల్ కర్వ్: లైసెన్సు అడగకముందే చేయాల్సిన పరీక్ష

మీ రకంలో పనిచేయని మార్కర్‌కు లైసెన్సు తీసుకుని ప్రయోజనం లేదు. మామూలు కణాల పెరుగుదల ఎంత మోతాదుకు ఆగుతుందో చూసే ఈ పరీక్షకు జన్యువే అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మార్పు చేయని కణజాలం చాలు.

1. కనామైసిన్ అయితే లీటరుకు 0, 25, 50, 75, 100, 150 మి.గ్రా.; వరిలో హైగ్రోమైసిన్ అయితే 0 నుంచి 75 మి.గ్రా. దాకా; ఫాస్ఫినోత్రిసిన్ అయితే 0 నుంచి 10 మి.గ్రా. దాకా మెట్లుగా మీడియా తయారుచేయండి.
2. ఒక్కో మోతాదులో 30 కణజాల ముక్కలు, మూడు పునరావృతాలు.
3. అగ్రోబాక్టీరియంను చంపడానికి తర్వాత వాడబోయే సెఫోటాక్సిమ్‌ను (లీటరుకు 250 మి.గ్రా.) ఇప్పుడే కలపండి. అది కూడా పెరుగుదలను మారుస్తుంది.
4. రెండు వారాలకోసారి కొత్త మీడియాలోకి మార్చండి. నాలుగు వారాలకు లెక్క రాయండి.
5. పెరుగుదల పూర్తిగా ఆగిన మోతాదుల్లో అతి తక్కువది మీకు పనికొచ్చే మోతాదు.

ఫాస్ఫినోత్రిసిన్‌తో ఒక చిక్కు ఉంది. అది గ్లుటమిన్ తయారీని అడ్డుకుని కణాన్ని చంపుతుంది. మీడియాలో గ్లుటమిన్, కేసిన్ హైడ్రోలైసేట్ ఉంటే కణం వాటితో బతికేస్తుంది, ఎంపిక పనిచేయలేదని మీరు పొరబడతారు. వాటిని తీసేసి మళ్లీ చూడండి. మానోస్ విషయంలో సుక్రోజ్ ఎక్కువైతే ఇదే జరుగుతుంది. లీటరుకు 10 గ్రాముల మానోస్‌తో మొదలుపెట్టి పెంచుతూ, సుక్రోజ్‌ను అదే క్రమంలో తగ్గించండి.

## 3. కన్‌స్ట్రక్ట్‌ను భాగాలుగా విడదీసి రాయండి

మార్కర్ ఒక్కదాని గురించే ఆలోచిస్తే మిగతావి తప్పిపోతాయి. ప్లాస్మిడ్ మ్యాప్ ముందు పెట్టుకుని, ప్రతి భాగానికి ఒక వరుస రాయండి.

- మార్కర్ జన్యువు, దాని కచ్చితమైన సీక్వెన్సు
- మార్కర్ ముందున్న ప్రమోటర్ (జన్యువు పనిని మొదలుపెట్టేది), వెనకున్న టెర్మినేటర్ (ఆపేది)
- కోడాన్ మార్పులు, ఇంట్రాన్ ఉంటే అది
- వెక్టర్ బ్యాక్‌బోన్ (ప్లాస్మిడ్‌లో మొక్కలోకి వెళ్లకూడని మిగతా భాగం), బ్యాక్టీరియాలో ఎంపికకు అందులో ఉన్న నిరోధక జన్యువు
- క్లోనింగ్ పద్ధతి: గేట్‌వే వంటి వాణిజ్య కిట్ వాడారా?
- అగ్రోబాక్టీరియం స్ట్రెయిన్
- ట్రాన్స్‌ఫర్మేషన్ పద్ధతి, ఆ పంటకు ప్రత్యేకమైతే ఆ విషయం
- మొక్క రకం, దాని హక్కుదారు

ప్రతి వరుసకూ నాలుగు గళ్లు పెట్టండి: ఎక్కడి నుంచి వచ్చింది, ఏ కాగితం మీద వచ్చింది, పేటెంట్ ఏ దేశంలో ఉంది, ఏ తేదీకి తీరుతుంది. "ఎక్కడి నుంచి వచ్చింది" అన్న గడిలో "పక్క ల్యాబు నుంచి" అని ఉంటే పని అక్కడే ఆపండి. ఆ పక్క ల్యాబుకు ఎవరిచ్చారో తేలేదాకా ఆ ప్లాస్మిడ్‌ను ఉత్పత్తి కోసం వాడొద్దు.

బ్యాక్‌బోన్ గడిని తేలిగ్గా తీసుకోవద్దు. పీబిన్19 వెక్టర్ బ్యాక్‌బోన్‌లో ఎన్‌పీటీ-3 ఉంటుంది. అది అమికాసిన్‌ను కూడా తట్టుకునేలా చేస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2004 వర్గీకరణలో ఎన్‌పీటీ-2 మొదటి వర్గంలో, ఎన్‌పీటీ-3 మొక్కల్లో ఉండకూడని మూడో వర్గంలో ఉన్నాయి. టీ-డీఎన్‌ఏతో (మొక్కలోకి చేరాల్సిన భాగంతో) పాటు బ్యాక్‌బోన్ ముక్క మొక్కలోకి జారడం అరుదేమీ కాదు. అదే పీబిన్19లోని ఎన్‌పీటీ-2లో ఒక ఉత్పరివర్తన కూడా ఉంది, ఎంజైమ్ చురుకుదనం తక్కువ. పేరు ఒకటే అయినా సీక్వెన్సు వేరు. లైసెన్సు లేఖలోనూ, నియంత్రణ దరఖాస్తులోనూ మీ సొంతంగా చదివించిన సీక్వెన్సునే రాయండి, పుస్తకంలోది కాదు.

## 4. పేటెంట్ల వెతుకులాట

ఎ. ఎక్కడ వెతకాలి. భారత పేటెంట్లకు ఇన్‌పాస్, అంతర్జాతీయంగా ఎస్పాస్‌నెట్, పేటెంట్‌స్కోప్, లెన్స్. మొదటిసారి మాటలతో వెతకండి, రెండోసారి సీక్వెన్సుతో. మాటల వెతుకులాటలో దొరకనివి సీక్వెన్సులో దొరుకుతాయి. లెన్స్‌లో సీక్వెన్సుతో వెతికే వీలుంది.

బి. ఏ రకం క్లెయిమ్. ఒకే మార్కర్ మీద ఐదు రకాల క్లెయిములు (పేటెంట్‌లో హక్కు కోరిన అంశాలు) ఉండొచ్చు: జన్యువు మీద, ప్రమోటర్‌తో కలిపిన కాసెట్ మీద, ఎంపిక పద్ధతి మీద, ఫలానా పంటలో ఆ పద్ధతి మీద, వచ్చిన మొక్క మీద. మొదటిది తీరిపోయినా నాలుగోది బతికే ఉండొచ్చు. అందుకే శీర్షిక, సారాంశం చదివి ఆపేయకండి. స్వతంత్ర క్లెయిములను ఒక్కో పదం చొప్పున మీ కన్‌స్ట్రక్ట్‌తో పోల్చండి. క్లెయిమ్‌లోని ఒక్క అంశం మీ దగ్గర లేకున్నా అక్షరార్థంగా ఉల్లంఘన ఉండదు.

సి. భారత్‌లో అమల్లో ఉందా. పేటెంట్ ఏ దేశంలో ఇస్తే ఆ దేశానికే చెల్లుతుంది. భారతదేశం పారిస్ ఒప్పందంలో, పీసీటీలో (అంతర్జాతీయ పేటెంట్ దరఖాస్తుల ఒప్పందంలో) చేరింది 1998 డిసెంబర్ 7న. 1980లలో, 1990ల మొదట్లో దాఖలైన మార్కర్ పేటెంట్ కుటుంబాల్లో (ఒకే ఆవిష్కరణకు వేర్వేరు దేశాల్లో తీసుకున్న పేటెంట్లలో) భారత పేటెంట్ కనిపించకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఉన్న వాటికి గడువు దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లు.

డి. రెన్యువల్ ఫీజు. ఫీజు కట్టక రద్దయిన పేటెంట్ చూసి సంబరపడొద్దు. రద్దయిన తేదీ నుంచి 18 నెలల్లోపు పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకునే హక్కు యజమానికి ఉంది. ఆ గడువు దాటిందో లేదో చూడండి.

ఇ. సెక్షన్ 3(జె). మన పేటెంట్ల చట్టం మొక్కలకు, విత్తనాలకు, వాటి భాగాలకు పేటెంట్ ఇవ్వదు. జన్యు కాసెట్‌కు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్నదే మాన్‌శాంటో, హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్ మధ్య నడిచిన వివాదం. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం బీటీ పేటెంట్‌ను కొట్టేసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాలతో విచారణ జరపాలని కేసును వెనక్కి పంపింది. తర్వాత ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. అంటే ఆ ప్రశ్నకు తుది జవాబు రాలేదు. "3(జె) ఉంది కదా, మనకేం కాదు" అన్న ధీమాతో ఉత్పత్తి ప్రణాళిక వేయకండి.

ఎఫ్. ఎగుమతి. ధాన్యమో, విత్తనమో వెళ్లే దేశాల్లో కూడా ఇదే వెతుకులాట చేయండి.

వెతికి చూస్తే భయపడినంత ఉండకపోవచ్చు. గోల్డెన్ రైస్ మీద 2000లో చేసిన పరిశీలనలో 32 యజమానుల చేతుల్లో సుమారు 70 పేటెంట్లు తేలాయి. కానీ వాటిలో చాలా భాగం ఆ బియ్యం అవసరమైన దేశాల్లో అమల్లోనే లేవు. దేశం వారీగా వెతికితేనే ఆ తేడా బయటపడుతుంది.

## 5. ఎంటీఏను క్లాజు క్లాజుగా చదవండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సంతకం పెట్టిన శాస్త్రవేత్త రిటైరై ఉంటారు, కాగితం ఏ ఫైల్లో ఉందో ఎవరికీ తెలియదు. ముందు కాగితం సంపాదించండి. దొరక్కపోతే ఇచ్చిన సంస్థకు రాసి నకలు తెప్పించుకోండి.

చదివేటప్పుడు నాలుగు విషయాలు చూడండి.

సంతతి. మొక్కల్లో "పదార్థం" అన్న మాట కింద దాని సంతతి, మార్పు లేని ఉత్పన్నాలు కూడా వస్తాయా? అమెరికా విశ్వవిద్యాలయాలు ఎక్కువగా వాడే ఏకరూప ఎంటీఏ (1995 నాటిది) ఈ మాటలను విడివిడిగా నిర్వచిస్తుంది. దాని ప్రకారం మీరు చేసిన మార్పులు మీవే, కానీ వాటిలో ఉన్న అసలు పదార్థం ఇచ్చినవారిదే. మీ ఈవెంట్‌లో వాళ్ల మార్కర్ ఉంది అంటే, వాణిజ్య వాడకానికి వాళ్ల ఒప్పుకోలు కావాలి. ఇచ్చితీరాలన్న బాధ్యత వాళ్లకు లేదు.

ప్రయోజనం. "బోధన, లాభాపేక్ష లేని పరిశోధనకు మాత్రమే" అని ఉంటే కంపెనీ డబ్బుతో నడిచే ప్రాజెక్టులో వాడటం కూడా ఉల్లంఘనే కావచ్చు. పొలం పరీక్షలు పరిశోధన కిందికి వస్తాయో రావో రాతపూర్వకంగా అడగండి.

మీ ఫలితాల మీద హక్కు. మీరు కనుగొన్న దాని మీద వాళ్లకు ఉచిత లైసెన్సు, లేదా మొదటి అవకాశం అడిగే క్లాజు. విస్తరించి రాసి ఉంటే సంతకం పెట్టొద్దు. "మార్కర్‌కే పరిమితమైన మెరుగుదలలు" అని కుదించమనండి.

వెనక్కి పంపడం. మార్పిడి చేసిన విత్తనాన్ని విదేశీ సంస్థకు పంపాలన్న షరతు ఉండి, అది మన దేశవాళీ రకం మీద చేసినదైతే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి అంశం వస్తుంది. ముందే అడగండి.

పరిష్కారం ఒక్కోసారి చాలా సులువు. మార్కర్ పేటెంట్ గడువు తీరి, ఎంటీఏ మాత్రమే అడ్డంగా ఉంటే, బహిరంగ సీక్వెన్సు ఆధారంగా ఆ జన్యువును మీరే కృత్రిమంగా తయారు చేయించుకోవచ్చు. కొత్త జన్యువు, కొత్త బ్యాక్‌బోన్, కొత్త కాగితాలు. ట్రాన్స్‌ఫర్మేషన్‌కు ముందైతే ఇది కొద్ది వారాల పని. ఈవెంట్ వచ్చాక అయితే ఏళ్ల పని మళ్లీ మొదలు.

## 6. లైసెన్సు అడిగే లేఖ

లేఖ రెండు పేజీలు దాటొద్దు. ఇవి తప్పక ఉండాలి.

- మార్కర్ పేరు, సీక్వెన్సు గుర్తింపు, మీకు తెలిసిన పేటెంట్ సంఖ్యలు
- పంట, లక్షణం, దేశం
- దశ: కన్‌స్ట్రక్ట్, గ్రీన్‌హౌస్, పొలం పరీక్ష, వాణిజ్యం
- ఎవరు పండిస్తారు, విత్తనం ఎవరు అమ్ముతారు, ధర ఎలా ఉంటుంది
- మీకు కావాల్సింది: పేటెంటా, పదార్థమా, డేటానా, మూడూనా
- జవాబు కోరే తేదీ

"ఉల్లంఘించాం, క్షమించి లైసెన్సు ఇవ్వండి" అన్న అర్థం వచ్చే వాక్యం లేఖలో ఉండకూడదు. లక్షణ జన్యువు (పంటకు కావాల్సిన గుణాన్నిచ్చేది) వివరాలు గోప్యత ఒప్పందం కుదిరాకే పంపండి. మార్కర్ లైసెన్సుకు మీ కొత్త జన్యువు సీక్వెన్సుతో వాళ్లకు పనిలేదు.

పరిశోధన లైసెన్సు మాత్రమే ముందు ఇస్తామంటే తీసుకోండి. అయితే వాణిజ్య లైసెన్సుకు ఆప్షన్, దాని రాయల్టీకి పైపరిమితి అదే కాగితంలో రాయించుకోండి. ఈవెంట్ విజయవంతమయ్యాక బేరానికి కూర్చుంటే మీ చేతిలో ఏమీ ఉండదు.

## 7. ఒప్పందంలో పట్టుబట్టాల్సిన క్లాజులు

హక్కు పరిధి. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది: "లైసెన్సు పొందినవారు ఈ మార్కర్‌ను వరిలో వాడుకోవచ్చు."

రెండోది: "లైసెన్సు పొందినవారు ఈ మార్కర్ ఉన్న వరి ఈవెంట్లను తయారుచేయవచ్చు, పరీక్షించవచ్చు, సంకరం ద్వారా ఇతర వరి రకాల్లోకి మార్చవచ్చు, విత్తనం ఉత్పత్తి చేసి అమ్మవచ్చు, ఈ పనులన్నిటికీ భారతదేశంలోని బ్రీడర్లకు, విత్తన సంస్థలకు ఉప లైసెన్సు ఇవ్వవచ్చు, పండిన ధాన్యాన్ని ఎవరైనా ఎగుమతి చేయవచ్చు."

మొదటి వాక్యంతో ప్రభుత్వ సంస్థ ఈవెంట్‌ను తయారుచేయగలదు గానీ, ఏ విత్తన సంస్థకూ ఇవ్వలేదు. మంచి ఈవెంట్లు గ్రీన్‌హౌస్‌లోనే మిగిలిపోతే రైతుకు ఒరిగేదేమీ లేదు. ఉప లైసెన్సు అన్న మాట లేని ఒప్పందాన్ని ప్రభుత్వ సంస్థలు అంగీకరించకూడదు.

ధరల నియంత్రణ. రాయల్టీని ప్యాకెట్‌కు ఇన్ని రూపాయలని రాస్తే, ప్రభుత్వం ధర తగ్గించినప్పుడు నష్టం మీ మీద పడుతుంది. బీటీ పత్తిలో ఇదే జరిగింది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టెక్నాలజీ ఫీజు మీద గుత్తాధిపత్య వ్యవహారాలు చూసే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లింది, ఆ ఏడాదే విత్తన ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. 2015లో కేంద్రం పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి, 2016లో లక్షణ విలువను (విత్తన ధరలో టెక్నాలజీ ఫీజు వాటాను) 163 రూపాయల నుంచి 49కి కోసింది. 2020కల్లా అది సున్నా అయింది. కాబట్టి "ప్రభుత్వం ధరను లేదా లక్షణ విలువను నిర్ణయిస్తే రాయల్టీ అదే నిష్పత్తిలో మారుతుంది" అన్న వాక్యం తప్పనిసరి.

సెక్షన్ 140. మార్కర్‌తో పాటు మరో టెక్నాలజీని బలవంతంగా అంటగట్టడం, మీ మెరుగుదలల మీద వాళ్లకే ప్రత్యేక హక్కు కోరడం, పేటెంట్ చెల్లుబాటును సవాలు చేయకుండా కట్టేయడం. ఇలాంటి షరతులు మన పేటెంట్ల చట్టం ప్రకారం చెల్లవు. విదేశీ నమూనా ఒప్పందాల్లో ఇవి అలవాటుగా ఉంటాయి. సెక్షన్ సంఖ్య చూపించి తీసేయమనండి.

సెక్షన్ 141. పేటెంట్లన్నీ తీరిపోయాక లైసెన్సు పొందినవారు మూడు నెలల నోటీసుతో ఒప్పందం నుంచి బయటికి రావచ్చు. అందుకే రాయల్టీని రెండుగా విడగొట్టమనండి: పేటెంట్‌కు ఇంత, పదార్థానికి, డేటాకు ఇంత. కలిపి రాస్తే పేటెంట్ తీరాక దేనికి కడుతున్నారో తేలదు.

రాత, నమోదు. సెక్షన్ 68 ప్రకారం పేటెంట్ లైసెన్సు రాతపూర్వకంగా, షరతులన్నీ ఒకే పత్రంలో ఉండాలి. సెక్షన్ 69 కింద ఫారం 16తో పేటెంట్ ఆఫీసులో నమోదు చేయించండి. నమోదు లేని పత్రాన్ని కోర్టులో సాక్ష్యంగా చూపడం కష్టం. ఈమెయిల్‌లో "సరే" అన్న మాట లైసెన్సు కాదు.

రైతు హక్కు. మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం 2001, సెక్షన్ 39 ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు. దీనికి విరుద్ధంగా రైతుతో సంతకం తీసుకోవాలన్న క్లాజును ఒప్పుకోవద్దు.

మానవతా మినహాయింపు. పేద రైతులకు రాయల్టీ లేకుండా ఇవ్వాలనుకుంటే కొలత రాయాలి. గోల్డెన్ రైస్ లైసెన్సులో వ్యవసాయం మీద ఏడాదికి 10,000 డాలర్లకన్నా తక్కువ సంపాదించే రైతులు అని స్పష్టంగా రాశారు. "చిన్నకారు రైతులు" అని వదిలేస్తే రేపు వివాదమవుతుంది.

రద్దయితే ఏమవుతుంది. ఒప్పందం రద్దయినా అప్పటికే అమ్మిన విత్తనం, పొలంలో ఉన్న పంట, ఇచ్చిన ఉప లైసెన్సులు కొనసాగాలి.

బలవంతపు లైసెన్సు దారి కూడా చట్టంలో ఉంది. పేటెంట్ ఇచ్చి మూడేళ్లు గడిచాక సెక్షన్ 84 కింద అడగొచ్చు. 2012లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా క్యాన్సర్ మందుకు ఇలా సాధించింది. అయితే అది ఏళ్ల పోరాటం. మార్కర్ కోసం ఆ దారి పట్టేకన్నా మార్కర్ మార్చుకోవడం మేలు.

## 8. డబ్బు, పన్ను

చెల్లింపులు మామూలుగా నాలుగు రూపాల్లో ఉంటాయి: ముందస్తు మొత్తం, ఏటా ఫీజు, దశల వారీ చెల్లింపు, అమ్మకంపై రాయల్టీ. మార్కర్ అన్నది రైతుకు నేరుగా లాభమిచ్చే లక్షణం కాదు, ల్యాబులో ఒక పనిముట్టు. అందుకే అమ్మకంపై రాయల్టీకన్నా ఒక్కసారి కట్టేసే మొత్తం వైపు బేరమాడండి.

విదేశీ సంస్థకు రాయల్టీ కడితే దేశీయ చట్టం ప్రకారం టీడీఎస్ 20 శాతం, పైన సర్‌చార్జి, సెస్సు. స్విట్జర్లాండ్, జర్మనీ వంటి దేశాలతో ఉన్న పన్ను ఒప్పందాల కింద 10 శాతానికి తగ్గుతుంది. దానికి అవతలి సంస్థ నుంచి పన్ను నివాస ధ్రువపత్రం ముందే తెప్పించుకోవాలి. రివర్స్ చార్జి కింద జీఎస్టీ మీరే కట్టాలి. "పన్నులన్నీ పోను ఇంత" అని ఒప్పందంలో ఉంటే టీడీఎస్ భారం కూడా మీదే. బడ్జెట్‌లో ఇది రాసుకోకుండా ప్రాజెక్టు మధ్యలో డబ్బు చాలక ఆగిన సందర్భాలున్నాయి.

## 9. నియంత్రణ అనుమతులతో జతపరచండి

లైసెన్సు ఉన్నంత మాత్రాన పొలంలో వేయలేం. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నిబంధనల ప్రకారం ముందు సంస్థాగత జీవభద్రతా కమిటీ (ఐబీఎస్‌సీ), తర్వాత ఆర్‌సీజీఎం (జన్యుమార్పిడి సమీక్షా కమిటీ), చివరికి జీఈఏసీ (జన్యు ఇంజనీరింగ్ మదింపు కమిటీ). మార్పిడి చేసిన విత్తనాన్ని పరిశోధనకు దిగుమతి చేసుకుంటే జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ఎన్‌బీపీజీఆర్ ద్వారా రావాలి. ఐబీఎస్‌సీ దరఖాస్తు, లైసెన్సు లేఖ ఒకే నెలలో పంపండి. రెంటిలోనూ సీక్వెన్సు ఒకటే ఉందో లేదో సరిచూడండి.

మార్కర్ ప్రొటీన్ మీద డేటా వేరొకరిదైతే, "ఫలానా అధ్యయనాలను ఫలానా దరఖాస్తులో ఉటంకించవచ్చు" అన్న అనుమతి లేఖ కావాలి. లేకుంటే ప్రొటీన్ పరీక్షలు మీరే చేయించాలి. ఖర్చులో ఇది లైసెన్సు ఫీజును మించిపోవచ్చు.

మార్కర్ ఎంపిక నియంత్రణను ఎలా ప్రభావితం చేస్తుందో చెప్పడానికి డీఎంహెచ్-11 ఆవాలు చాలు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో తయారైన ఈ హైబ్రిడ్‌లో హైబ్రిడ్ తయారీకి వాడే బార్నేజ్, బార్‌స్టార్ జన్యువులతో పాటు బార్ జన్యువు ఉంది. బార్ వల్ల అది కలుపు మందును తట్టుకునే పంటేనన్న వాదన మొదలైంది. 2022 అక్టోబర్‌లో జీఈఏసీ సిఫారసు చేసినప్పుడు, విత్తనోత్పత్తి దశలో తప్ప రైతు పొలంలో ఆ కలుపు మందు వాడరాదని షరతు పెట్టింది. 2024 జులైలో సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం భిన్న తీర్పులు ఇచ్చింది. బార్, పాట్ ఎంచుకునే ప్రతి ల్యాబూ ఈ వాదనకు జవాబు ముందే రాసిపెట్టుకోవాలి.

## 10. మార్కర్‌ను చివర్లో తీసేసే దారి

రెండు టీ-డీఎన్‌ఏల పద్ధతి. మార్కర్‌ను ఒకదానిలో, లక్షణ జన్యువును మరోదానిలో పెట్టి కలిపి ఎక్కిస్తారు. రెండూ వేర్వేరు చోట్ల ఒక్కో ప్రతిగా చేరితే, టీ1 తరంలో (మొదటి విత్తన తరంలో) 16 మొక్కలకు 3 లక్షణం ఉండి మార్కర్ లేనివి. లక్షణానికి సమయుగ్మజంగా (రెండు ప్రతులూ ఉండేలా), మార్కర్ లేకుండా కావాలంటే 16కు 1. వంద మొక్కలు పెంచితే అలాంటివి ఆరు దాకా వస్తాయి. రెండూ పక్కపక్కనే చేరిన ఈవెంట్లలో ఇవి విడిపోవు, కాబట్టి మొదట్లోనే ఎక్కువ ఈవెంట్లు తీసుకోవాలి.

క్రీ-లాక్స్. మార్కర్‌కు రెండువైపులా లాక్స్ సైట్లు పెట్టి క్రీ ఎంజైమ్‌తో కోసేస్తారు. మొక్కజొన్న ఎల్‌వై038 ఈవెంట్‌లో ఎన్‌పీటీ-2ను ఇలాగే తీశారు. ఒక లాక్స్ సైట్ మిగిలిపోతుంది, దాన్ని దరఖాస్తులో చూపాలి.

తీసేస్తే లైసెన్సు అక్కర్లేదని అనుకోవద్దు. పేటెంట్ అమల్లో ఉంటే ల్యాబులో వాడటమే ఒక వాడకం. తీసేయడం వల్ల అమ్మకంపై రాయల్టీకి ఆధారం తగ్గుతుంది, డేటా అవసరం తగ్గుతుంది. "తుది విత్తనంలో మార్కర్ లేకుంటే రాయల్టీ లేదు" అని ఒప్పందంలో రాయించుకోండి. జీనోమ్ ఎడిటింగ్ చేసేవారికి ఇది మరీ ముఖ్యం: 2022 మార్చి ఉత్తర్వు ఎస్‌డీఎన్-1, ఎస్‌డీఎన్-2 మొక్కలకు (కొత్త జన్యువు చేర్చకుండా ఉన్నదాన్నే మార్చినవాటికి) ఇచ్చిన మినహాయింపు, బయటి డీఎన్‌ఏ ఏదీ మిగలలేదని నిరూపించాకే వర్తిస్తుంది. మార్కర్‌తో పాటు బ్యాక్‌బోన్‌కూ పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్క ఉందో లేదో గుర్తించే పరీక్ష) చేయాలి.

## 11. తరచూ జరిగే తప్పులు, సవరణ

రెండు ఈవెంట్లలో ఒకే మార్కర్. రెండూ ఎన్‌పీటీ-2 అయితే సంకరం చేశాక మార్కర్‌తో వేరుచేయలేరు. ఈవెంట్‌కు ప్రత్యేకమైన పీసీఆర్ ప్రైమర్లు తయారుచేసుకోండి. తర్వాతి కన్‌స్ట్రక్ట్‌కు వేరే మార్కర్ తీసుకోండి.

కిట్ పెట్టె మీది లేబుల్ చదవకపోవడం. క్లోనింగ్ కిట్ సీల్ తీయడంతోనే "పరిశోధనకు మాత్రమే" అన్న షరతుకు ఒప్పుకున్నట్టు. వాణిజ్య కన్‌స్ట్రక్ట్‌ను మామూలు రెస్ట్రిక్షన్ ఎంజైములతో లేదా పూర్తిగా కృత్రిమ తయారీతో కట్టండి.

శాస్త్రవేత్త సంతకం. ఎంటీఏ మీద సంస్థ అధీకృత అధికారి సంతకం ఉండాలి. వ్యక్తిగత సంతకంతో ఉన్నవాటిని వెతికి, సంస్థ తరఫున ఆమోదపత్రం జతచేయించండి.

తప్పు యజమాని. విశ్వవిద్యాలయం కనిపెట్టి, కంపెనీకి ప్రత్యేక హక్కు ఇచ్చేసి ఉంటే విశ్వవిద్యాలయం మీకు లైసెన్సు ఇవ్వలేదు. "ఈ పంటలో, ఈ దేశంలో లైసెన్సు ఇచ్చే హక్కు మాకుంది" అన్న హామీ క్లాజు అడగండి.

## 12. సంతకం పెట్టే రోజు చేతిలో ఉండాల్సినవి

- కిల్ కర్వ్ ఫలితం, తేదీతో
- భాగాల పట్టిక, ఖాళీ గడి లేకుండా
- భారత్, ఎగుమతి దేశాల పేటెంట్ స్థితి, గత 30 రోజుల్లో సరిచూసినది
- ఎంటీఏల నకళ్లు అన్నీ
- పేటెంట్ ఏజెంట్ రాతపూర్వక అభిప్రాయం
- డేటా అనుమతి లేఖ, లేదా సొంత పరీక్షలకు బడ్జెట్
- స్టాంపు డ్యూటీ చెల్లించిన పత్రం, పూరించిన ఫారం 16
- పన్ను నివాస ధ్రువపత్రం
- ఫీజు గడువులు, పేటెంట్ తీరే తేదీలు రాసిన క్యాలెండర్, దాన్ని చూసే బాధ్యత ఎవరిదో పేరుతో సహా